డార్విన్: వేళ తెలిసి చూడవలసిన వింతలు

ఆస్ట్రేలియా ఖండపు ఉత్తరపు అంచున, తైమూర్ సముద్రానికి ఎదురుగా ఉన్న డార్విన్ నగరం భూమధ్యరేఖకు దక్షిణాన సుమారు 12.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. చిత్తూరు జిల్లాలోని కుప్పం ఆ రేఖకు ఉత్తరాన ఎంత దూరంలో ఉందో, డార్విన్ దక్షిణాన ఇంచుమించు అంతే దూరంలో ఉంది. నార్తర్న్ టెరిటరీ అనే విశాలమైన పాలనా ప్రాంతానికి ఇది రాజధాని అయినా, జనాభా లక్షన్నరకు అటూ ఇటూగానే ఉంటుంది. 1839లో బీగిల్ నౌక ఈ రేవుకు వచ్చినప్పుడు, అంతకు ముందరి యాత్రలో అదే నౌకలో ప్రయాణించిన చార్లెస్ డార్విన్ పేరును నౌకాధికారులు రేవుకు పెట్టారు. ఆ ప్రకృతి శాస్త్రవేత్త మాత్రం ఇక్కడ ఎన్నడూ కాలు పెట్టలేదు. 1869లో జార్జ్ గోయ్డర్ బృందం సర్వే చేసి హద్దులు వేసిన ఊరికి మొదట పామర్‌స్టన్ అనే పేరుండగా, 1911లో రేవు పేరే ఊరికీ స్థిరపడింది. ఈ నేల మీద అనాదిగా బతుకుతున్నవారు లరాకియా ఆదివాసులు.

కొత్త చోటికి బయలుదేరేవారు సాధారణంగా ఎంత దూరం, ఎంత ఖర్చు, ఎక్కడ బస అని విచారిస్తారు. డార్విన్ విషయంలో వీటికి ముందే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏ వేళకు వెళ్లాలి? ఈ నగరం చుట్టుపక్కల చూడదగిన వింతల్లో ఎక్కువ భాగం అన్ని వేళలా కనిపించేవి కావు. కొన్ని మధ్యాహ్నానికి పుట్టి సాయంత్రానికి మాయమవుతాయి, కొన్ని చంద్రకళలను అనుసరించి వచ్చిపోతాయి, కొన్ని ఏడాదిలో రెండు మూడు నెలలే ఉంటాయి. దీనికి మూలకారణం ఇక్కడి వాతావరణం. పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 30 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. సాలీనా పడే సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన మాత్రం దాదాపు అంతా నవంబరు నుంచి ఏప్రిల్ లోపలే కురిసి, మే నుంచి సెప్టెంబరు వరకు చినుకు కూడా అరుదవుతుంది. అంటే ఇక్కడ ఎండ స్థిరంగా ఉంటుంది, నీరు మారుతూ ఉంటుంది. ఆ మార్పుకు తగినట్టు జీవులు, మేఘాలు, మైదానాలు, చివరికి మనుషులు కూడా తమ నడకను దిద్దుకున్న తీరే ఈ వింతలన్నిటిలో కనిపించే ఉమ్మడి సూత్రం.

ఎండను కొలిచి కట్టిన పుట్టలు

డార్విన్‌కు దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, బ్యాచెలర్ అనే చిన్న ఊరు దాటిన తరువాత లిచ్‌ఫీల్డ్ జాతీయ వనం మొదలవుతుంది. అక్కడి చదునైన గడ్డి మైదానంలో మనిషి ఎత్తును మించిన బూడిదరంగు పలకలు వందల సంఖ్యలో నిలబడి ఉంటాయి. పాత శ్మశానంలోని సమాధి రాళ్లలా కనిపించే ఈ పలకలన్నీ ఒకే దిశకు తిరిగి ఉంటాయి. ఇవి చెదపురుగులు కట్టిన పుట్టలు. నాగుల చవితినాడు తెలుగు పల్లెల్లో పాలు పోసే పుట్టలు కూడా చెదలు కట్టినవే, కానీ అవి గుండ్రంగా, శంకువు ఆకారంలో ఉంటాయి. లిచ్‌ఫీల్డ్ పుట్టలు అడుగున కాస్త మందంగా, పైకి పోయేకొద్దీ పలుచగా, గొడ్డలి అంచులా ముగుస్తాయి. కొన్ని మూడు నాలుగు మీటర్ల ఎత్తు వరకు పెరుగుతాయి. వాటి వెడల్పైన ముఖాలు తూర్పు పడమరలకు, పలుచని అంచులు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. దిక్సూచి ముల్లులా ఉత్తర దక్షిణాలుగా నిలబడినందువల్ల వీటికి 'అయస్కాంత పుట్టలు' అనే వ్యవహారం వచ్చింది. వీటిని కట్టే జాతి శాస్త్రీయ నామం అమిటెర్మెస్ మెరిడియోనాలిస్.

ఈ ఆకారానికి కారణం మైదానపు నేలలోనే ఉంది. సాధారణంగా చెదపురుగులు ఎండ ముదిరినప్పుడు, చలి పెరిగినప్పుడు భూమిలోపలి గదుల్లోకి దిగి, అక్కడి స్థిరమైన ఉష్ణోగ్రతలో తలదాచుకుంటాయి. లిచ్‌ఫీల్డ్‌లో ఈ పుట్టలున్న చోటు పల్లపు నేల. వానాకాలంలో అక్కడ నీరు నిలిచి, నేల కింద దాగే వీలు ఉండదు. అందువల్ల చెదలు ఏడాదంతా పుట్టలోపలే గడపాలి, పుట్టే తన వేడిని తాను సర్దుకోవాలి. పొడికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపుకు దిగినప్పుడు చల్లబడిన పుట్ట, ఉదయించే సూర్యునికి తన తూర్పు ముఖాన్ని పూర్తిగా ఎదురుపెట్టి త్వరగా వెచ్చబడుతుంది. మధ్యాహ్నానికి సూర్యుడు నడినెత్తికి చేరే సరికి ఎండ పలుచని అంచు మీద మాత్రమే పడుతుంది కనుక, వేడి ఎక్కువయ్యే ఆ వేళలో పుట్ట తీసుకునే ఎండ తక్కువ. సాయంత్రం పడమటి ముఖం మిగిలిన వేడిని అందుకుంటుంది. ఇలా పగటి పొడవునా పుట్ట లోపలి ఉష్ణోగ్రత పెద్దగా ఒడిదుడుకులు లేకుండా ఒక స్థాయిలో నిలుస్తుంది.

ఇది ఊహ కాదనడానికి ప్రయోగం ఉంది. గోర్డన్ గ్రిగ్ అనే జంతుశాస్త్రవేత్త పుట్టను అడుగున కోసి, దాని వెడల్పు ముఖాలు ఉత్తర దక్షిణాలకు వచ్చేలా తిప్పి నిలబెట్టి, లోపలి ఉష్ణోగ్రతను కొలిచి, ఫలితాలను 1973లో ప్రచురించారు. తిప్పిన పుట్ట తిప్పనిదానికంటే ఎక్కువగా వేడెక్కింది. మరి కళ్లు లేని శ్రామిక చెదలకు దిక్కు ఎలా తెలుస్తుందనేది తరువాతి ప్రశ్న. పీటర్ జాక్లిన్, ఉర్సులా మన్రో జరిపిన పరిశోధనల్లో, దెబ్బతిన్న పుట్టను చెదలు బాగుచేసుకునే సమయంలో చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని మార్చినప్పుడు, కొత్తగా కట్టిన భాగం పాత అమరికతో సరిపోలేదు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని అవి పసిగడతాయనడానికి ఇది బలమైన ఆధారం. అంటే జనవ్యవహారంలో దిక్సూచి పోలికవల్ల పుట్టిన పేరుకు ప్రయోగశాస్త్రం తరువాత మరో అర్థం కల్పించింది.

ఈ పుట్టలకు దగ్గరలోనే, నీరు నిలవని మెరక నేల మీద, నాసుటిటెర్మెస్ ట్రయోడియే అనే వేరొక జాతి కట్టిన ఎర్రటి పుట్టలు గోపురాల్లా ఐదు మీటర్లు దాటి లేచి కనిపిస్తాయి. వాటికి దిశ పట్టింపు లేదు. రెంటినీ పక్కపక్కన చూసినవారికి, నేల వాలులో కొద్దిపాటి తేడా కట్టడం తీరును ఎంత మార్చగలదో సులభంగా బోధపడుతుంది. పలక పుట్టల అమరికను గమనించడానికి పొద్దున లేదా సాయంత్రం అనువైన వేళ. అప్పుడు ఒక ముఖం వెలుగులో, రెండవది నీడలో ఉండి, వరుస అంతా ఒకే తీరున తిరిగి ఉండటం స్పష్టంగా కనబడుతుంది.

మధ్యాహ్నానికి పుట్టే మేఘం

డార్విన్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బాథర్స్ట్, మెల్విల్ అనే రెండు దీవులు ఉన్నాయి. వీటిని కలిపి తివి దీవులంటారు. ప్రధాన భూభాగాన్ని మినహాయిస్తే, టాస్మానియా తరువాత ఆస్ట్రేలియాలో అతి పెద్ద దీవి మెల్వి‌లే. వానలు మొదలయ్యే ముందు నెలల్లోను, వానాకాలం మధ్యలో రుతుపవనం తెరిపి ఇచ్చిన రోజుల్లోను, ఈ దీవుల మీద దాదాపు ప్రతి మధ్యాహ్నం ఒక ఉరుముల మేఘం లేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ దారిన ఎగిరిన విమాన చోదకులు, వేళ తప్పకుండా అదే చోట కనబడే ఈ మేఘాన్ని దారి గుర్తుగా వాడుకుని, దానికి 'హెక్టర్' అని పేరు పెట్టారు. మనిషి పేరుతో పిలిచే మేఘం ప్రపంచంలో అరుదు. ఆ పేరు ఇప్పుడు వాతావరణ శాస్త్ర గ్రంథాలలో కూడా స్థిరపడింది.

మేఘం అంత క్రమబద్ధంగా పుట్టడానికి దీవుల ఆకారం, పరిమాణం కారణాలు. నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది కనుక, పొద్దెక్కేకొద్దీ దీవి మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి చుట్టూ ఉన్న సముద్రం మీదినుంచి చల్లని తేమగాలి లోపలికి వీస్తుంది. విశాఖ, కాకినాడ తీరవాసులకు సాయంత్రాలు హాయినిచ్చే సముద్రపు గాలి ఇదే. తివి దీవులు తూర్పు పడమరలుగా పొడుగ్గా సాగి ఉన్నందున, ఉత్తర తీరం నుంచి ఒక గాలి, దక్షిణ తీరం నుంచి ఇంకొక గాలి బయలుదేరి దీవి నడుమ ఢీకొంటాయి. అటూ ఇటూ పోవడానికి దారిలేని తేమగాలి నిలువుగా పైకి లేచి, ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. ఆవిరి నీరైనప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరైనప్పుడు తనలో దాచుకున్న వేడి, ఆ గాలిని మరింత పైకి తోస్తుంది. ఉదయం చిన్న చిన్న దూదిముద్దల్లా మొదలైన మేఘాలు, మధ్యాహ్నానికి వాటి కింద కురిసిన వానల నుంచి వీచే చల్లని ఈదురుగాలులు ఒకదానికొకటి ఎదురుపడిన చోట కలిసిపోయి, ఒకే పెద్ద క్యుములోనింబస్ మేఘంగా మారతాయి.

హెక్టర్ శిఖరం 20 కిలోమీటర్ల ఎత్తు వరకు చేరగలదు. ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తు 10 నుంచి 12 కిలోమీటర్లు మాత్రమే కనుక, ఈ మేఘం అంతకు రెట్టింపు దాకా లేస్తుందన్న మాట. ఎప్పుడు ఎక్కడ పుడుతుందో ముందే తెలిసిన ఉరుముల మేఘం పరిశోధకులకు దొరకడం అదృష్టమే. అందుకే 1995 నవంబరు, డిసెంబరు నెలల్లో తివి దీవుల మీద రాడార్లు, ఇతర పరికరాలతో పెద్ద అధ్యయనం జరిగింది. 2005లో యూరప్ శాస్త్రవేత్తలు ఎంతో ఎత్తున ఎగరగల పరిశోధక విమానాన్ని డార్విన్‌కు తెచ్చి, హెక్టర్ లాంటి మేఘాలు మంచు కణాలను స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే వాతావరణంలో మేఘాలు సాధారణంగా చేరని పై పొరలోకి చిమ్ముతున్నాయని గుర్తించారు. అక్కడికి చేరిన నీటి ఆవిరి భూమి ఉష్ణ సమతౌల్యం మీద ప్రభావం చూపుతుంది కనుక, ఒక దీవి మీది మధ్యాహ్నపు వాన ప్రపంచ వాతావరణ లెక్కల్లోకి వచ్చింది. వాన పూర్తిగా స్థిరపడి ఆకాశం మేఘావృతమైన రోజుల్లో ఎండ నేలను వేడెక్కించదు, కాబట్టి హెక్టర్ కూడా కనిపించదు.

ఎనిమిది మీటర్లు లేచి దిగే సముద్రం

డార్విన్ రేవులో ఆటుపోట్ల మధ్య తేడా పెద్ద పోటు రోజుల్లో ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. విశాఖపట్నం తీరంలో ఆ తేడా రెండు మీటర్లను మించదు. సముద్రపు నీటిని చంద్రుడు, సూర్యుడు ఆకర్షించడమే పోటుకు కారణమైనప్పటికీ, తీరం రూపాన్నిబట్టి దాని పరిమాణం మారుతుంది. ఆస్ట్రేలియా వాయవ్య తీరం వెంట సముద్రం అడుగు చాలా దూరం వరకు లోతు తక్కువగా, విశాలమైన మెట్టులా ఉంటుంది. మహాసముద్రం నుంచి వచ్చే పోటు అల ఆ మెట్టు మీదికి ఎక్కి, ఇరుకైన అఖాతాల్లోకి దూరేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి కొద్దిరోజుల అటూ ఇటూ సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేసి పోటు ఉద్ధృతమవుతుంది. అష్టమి దరిదాపుల్లో ఆ రెండూ అడ్డంగా లాగడంతో తేడా బాగా తగ్గుతుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పట్టడంవల్ల, పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే డార్విన్‌లో పడవవారికి, జాలరులకు గోడ గడియారం కంటే ఆటుపోట్ల పట్టిక ముఖ్యం.

నగర కేంద్రానికి దగ్గరలోనే డాక్టర్స్ గల్లీ అనే చిన్న వంక సముద్రంలో కలిసే చోట, ఈ పట్టిక ప్రకారమే జరిగే ఒక వింత ఉంది. పోటు నీరు రేవు మెట్ల దాకా లేచినప్పుడు వందలాది చేపలు ఒడ్డుకు వచ్చి, సందర్శకులు మోకాలి లోతు నీటిలో నిలబడి అందించే రొట్టె ముక్కలను చేతిలోంచే అందుకుంటాయి. 1950లలో మొదలైన ఈ అలవాటు తరాలు మారినా కొనసాగుతోంది. పాలబొంతలు, బొంత చేపలు, జెల్లలు, నిలువుగా పళ్లెంలా ఉండే బ్యాట్‌ఫిష్‌లు వస్తాయి. కట్టి ఉంచినవి కావు, వలలో పట్టినవి కావు. ఆటు వేళకు ఆ చోటు ఎండిపోతుంది కనుక అవి పోటుతో వచ్చి ఆటుతో పోతాయి. ఈ కారణంగా సందర్శన సమయం ఒక రోజు ఉదయం ఎనిమిదికి ఉంటే, వారం తిరిగేసరికి మధ్యాహ్నానికి మారుతుంది. ఎదురుచూసి వెళ్లినవారు పట్టిక చూడకపోతే అక్కడ బురద తప్ప మరేమీ కనబడదు.

ఆ బురదకూ తనదైన విలువ ఉంది. రేవు చుట్టూ వేలాది హెక్టార్లలో పరచుకున్న మడ అడవులు, కోరింగ అడవులను చూసినవారికి పరిచితమైనవే: ఉప్పునీటిలో నిలిచి, గాలి కోసం పైకి లేచిన వేర్లు, వాటి మధ్య బురద మీద రెక్కలతో పాకుతూ గెంతే చిన్న చేపలు, ఎర్రటి ఒంటి డెక్క పీతలు. నీరు పూర్తిగా తీసిన వేళ కిలోమీటర్ల కొద్దీ అడుగు బయటపడి, ఈ బతుకంతా ఒడ్డునుంచే కనబడుతుంది.

పడమటి దిక్కుకు తిరిగిన మిండిల్ తీరంలో సూర్యాస్తమయం చూడటానికి జనం గుమికూడతారు, కానీ నీళ్లలో దిగేవారు మాత్రం తక్కువ. అక్టోబరు మొదలు మే దాకా ఈ సముద్రంలో కైరోనెక్స్ ఫ్లెకెరీ అనే బాక్స్ జెల్లీఫిష్ తిరుగుతుంది. దాదాపు పారదర్శకంగా ఉండే గంట ఆకారపు శరీరం, నాలుగు మూలల నుంచి మూడు మీటర్ల దాకా వేలాడే స్పర్శకాలు, నాలుగు గుంపులుగా అమరిన 24 కళ్లు దీని ప్రత్యేకతలు. స్పర్శకాల మీద లక్షలాది విషపు సంచులు తాకీ తాకగానే సూదుల్లా విచ్చుకుంటాయి. ఎక్కువ మేర తగిలితే కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగిపోవచ్చు. ఇంకా విచ్చుకోని సంచులను వెనిగర్ పనిచేయకుండా ఆపుతుంది కనుక, తీరాలలో వెనిగర్ సీసాలు ఉంచిన కమ్మీలు దర్శనమిస్తాయి. వాటి అర్థం తెలిసినవారు నీటికి దూరంగా ఉంటారు.

వరద వచ్చే మైదానాలు, వాటిని నమ్ముకున్న జీవులు

డార్విన్‌కు తూర్పున, ఆర్నెమ్ రహదారి వెంట అడిలైడ్, మేరీ నదుల వరద మైదానాలు ఉన్నాయి. వానాకాలంలో చెరువులా కనిపించే ఈ నేల, సెప్టెంబరు నాటికి పగుళ్లు తీసిన నల్లరేగడిగా మారుతుంది. వరి పండే నేలల్లో పెరిగిన తెలుగువారికి ఇక్కడొక కథ ఆసక్తి కలిగిస్తుంది. 1950లలో హంప్టీ డూ అనే చోట వరిని పెద్ద ఎత్తున పండించే ప్రయత్నం జరిగి, దానికి నీరందించడానికి 1956లో ఫాగ్ డ్యామ్ కట్టారు. అదుపు చేయలేని వరదలు, నేల లవణాలు, పంట మీద పడిన పక్షులు, నిర్వహణ లోపాలు కలిసి ఆ పథకం విఫలమైంది. చెరువు మాత్రం మిగిలి, పక్షులకు ఆశ్రయమైంది. ముఖ్యంగా మ్యాగ్‌పై గూస్ అనే నలుపు తెలుపుల పెద్ద బాతు, చుట్టుపక్కల నీరు ఇంకిపోయే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వేలసంఖ్యలో ఇక్కడికి చేరుతుంది. రాత్రివేళ గట్టు మీద నీటి కొండచిలువలు కనబడతాయి. నేల పగుళ్లలో ఉండే ఎలుకల సంఖ్య వానతోపాటు పెరుగుతూ తరుగుతూ ఉండగా, ఎలుకలను తినే కొండచిలువల సంఖ్య కూడా దాన్ని అనుసరించి మారుతుందని, రిచర్డ్ షైన్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు ఈ గట్టు మీద ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలు చూపాయి.

ఈ నదుల్లో అందరినీ ఆకర్షించేది ఉప్పునీటి మొసలి. ఒడిశాలోని భితరకనికలో, సుందరవనాల్లో ఉండేది కూడా ఇదే జాతి. మగ మొసళ్లు ఐదు మీటర్లు, అరుదుగా ఆరు మీటర్ల పొడవు కూడా దాటుతాయి. అడిలైడ్ నదిలో పడవల నుంచి కర్రకు కట్టి చూపే మాంసం కోసం ఇవి నీటిలోంచి నిట్టనిలువునా లేచి సగానికి పైగా శరీరాన్ని బయటికి తెస్తాయి. కాళ్ల సాయం లేకుండా, బలమైన తోకను నీటిలో అటూ ఇటూ కొట్టడం ద్వారానే ఆ ఊపు వస్తుంది. నాలుక మీద ఉప్పును విసర్జించే గ్రంథులు ఉండటంవల్ల ఇవి సముద్రంలోనూ బతుకుతాయి. గుడ్ల నుంచి మగపిల్ల వస్తుందా ఆడపిల్ల వస్తుందా అన్నది గూడు వేడిమి మీద ఆధారపడుతుంది: సుమారు 32 డిగ్రీల వద్ద మగవి, అంతకు తక్కువైనా ఎక్కువైనా ఆడవి ఎక్కువగా పుడతాయి. తోలు కోసం జరిగిన వేటవల్ల 1971 నాటికి ఈ ప్రాంతంలో మిగిలినవి సుమారు 3,000. ఆ ఏడాది రక్షణ కల్పించాక సంఖ్య లక్షకు చేరిందని అంచనా. రక్షణతో పాటు నేల యజమానులైన ఆదివాసులకు గుడ్ల సేకరణ ద్వారా ఆదాయం కల్పించడం ఈ కోలుకోవడానికి తోడ్పడింది. నదులకు మొసళ్లు తిరిగొచ్చాయి, మనుషులు నీటి అంచుకు ఎంత దూరంలో ఉండాలో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 1970లలో ఫినిస్ నదిలో మోటారు పడవల మీద దాడి చేసి పేరు మోసిన 'స్వీట్‌హార్ట్' అనే 5.1 మీటర్ల మొసలి 1979లో పట్టుకునే ప్రయత్నంలో చనిపోయింది. దాని శరీరాన్ని డార్విన్ మ్యూజియంలో ఉంచారు.

ఇదే నీటిలో తెలుగువారికి బాగా తెలిసిన జీవి కూడా ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో బారాముండి అని పిలిచే చేప, గోదావరి, కృష్ణా డెల్టాల్లో పండుగప్పగా ప్రసిద్ధి. శాస్త్రీయ నామం లేటెస్ కాల్కరిఫర్. ఈ చేప మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారుతుంది. కాబట్టి పెద్ద చేపల్లో ఎక్కువ భాగం ఆడవే. నదుల్లో పెరిగిన చేపలు గుడ్లు పెట్టడానికి వానాకాలం ఆరంభంలో నదీముఖాల ఉప్పునీటికి దిగుతాయి. వరద తీసే మార్చి, ఏప్రిల్ నెలల్లో మైదానాల నుంచి కాలువల్లోకి జారే నీటితో చిన్న చేపలు కొట్టుకొస్తాయి కనుక, వాటి కోసం పండుగప్పలు కాలువ నోళ్ల దగ్గర కాపు కాస్తాయి. గాలం వేసేవారికి అదే ముఖ్యమైన కాలం.

నిప్పు వెంట తిరిగే గద్దలు

వానల్లో మూడు మీటర్ల దాకా ఎదిగిన జొన్నజాతి గడ్డి, ఏప్రిల్‌లో వీచే చివరి గాలివానలకు నేలకొరిగి, మే నాటికి ఎండి నిప్పుకు సిద్ధమవుతుంది. పొడికాలం మొదట్లో, నేలలో ఇంకా తేమ ఉండగా, ఆదివాసులు తరతరాలుగా చిన్న చిన్న మంటలు పెట్టి గడ్డిని కాలుస్తారు. అలా కాల్చిన నేల గళ్లు గళ్లుగా మిగిలి, అక్టోబరు నాటి భయంకరమైన కార్చిచ్చులు వ్యాపించకుండా అడ్డుకుంటుంది. ఈ పద్ధతి ఇప్పుడు ప్రభుత్వ విధానంలోనూ భాగమైంది.

మంట ఎక్కడ లేస్తే అక్కడికి గద్దలు చేరతాయి. హైదరాబాదు ఆకాశంలో తిరిగే నల్ల గద్ద జాతే ఇక్కడా ఉంది. పొగకు బయటికి ఉరికే మిడతలు, బల్లులు వాటికి సులభమైన ఆహారం. ఇంతకంటే ఆశ్చర్యకరమైన విషయం ఆదివాసుల జ్ఞానంలో చాలాకాలంగా ఉంది: ఈ గద్దలు మండుతున్న పుల్లను గోళ్లతోనో ముక్కుతోనో పట్టుకుపోయి, కాలని గడ్డి మీద వదిలి కొత్త మంట రేపుతాయని. ఆదివాసుల మాటలతో పాటు అగ్నిమాపక సిబ్బంది, ఇతర ప్రత్యక్షసాక్షుల వాంగ్మూలాలను కూడగట్టి మార్క్ బోంటా, రాబర్ట్ గోస్‌ఫోర్డ్ మొదలైనవారు 2017లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. దీనికి నల్ల గద్దతో పాటు విజిలింగ్ కైట్, బ్రౌన్ ఫాల్కన్ అనే మరో రెండు పక్షుల పేర్లు కూడా చెప్పారు. ఆధారం ప్రధానంగా చూసినవారి సాక్ష్యమే అయినా, ఒకరికొకరు తెలియని అనేకమంది ఒకే తీరున చెప్పడం దీనికి బలం.

రాతి మీద రాసిన సముద్ర చరిత్ర

డార్విన్ నుంచి తూర్పుగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న కకడూ జాతీయ వనంలో ఉబిర్ అనే గుట్ట ఉంది. అక్కడి రాతిగోడల మీద ఆదివాసులు గీసిన చేపలను చూస్తే, పైన పొలుసుల ఆకృతే కాక లోపలి వెన్నెముక, అవయవాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఈ ఎక్స్‌రే శైలి చిత్రాల్లో పండుగప్ప బొమ్మలే చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం నుంచి సుమారు 3,000 ఏళ్ల కిందటే అంతరించిన థైలసీన్ అనే చారల జంతువు బొమ్మ కూడా అక్కడ ఉంది.

డార్విన్ మ్యూజియంలో పనిచేసిన జార్జ్ చలూప్కా ఈ చిత్రాలను సముద్ర మట్టం మార్పులతో జోడించి కాలాలుగా విభజించారు. మంచుయుగంలో సముద్రం నేటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉన్నప్పుడు కకడూ తీరానికి దూరంగా ఉన్న పొడి నేల. అప్పటి చిత్రాల్లో మెట్ట నేల జంతువులు, వేట ఉంటాయి. మంచు కరిగి, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి నదీముఖాలు ఏర్పడ్డాక పండుగప్ప, జెల్ల, బొంత చేపలు చిత్రాల్లో ప్రవేశించాయి. ఆ తరువాత గత రెండు వేల ఏళ్లలోపు మంచినీటి మైదానాలు స్థిరపడ్డాక మ్యాగ్‌పై బాతులు కనిపిస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు మట్టి పొరలను తవ్వి తెలుసుకునే మార్పును ఇక్కడి చిత్రకారులు తాము తిన్నవాటిని గీసి నమోదు చేశారు.

ఏడు ఋతువుల పట్టిక

వెలుపలి నుంచి వచ్చినవారు ఈ ప్రాంతాన్ని వానాకాలం, పొడికాలం అని రెండుగా విడదీశారు. లరాకియా ప్రజల లెక్కలో ఋతువులు ఏడు. వానలు మొదలయ్యే బల్న్‌బ, రుతుపవనపు దలయ్, గడ్డి నేలకొరిగి బాతులు గుడ్లు పెట్టే మయిలెమ, పండుగప్ప, అడవి పళ్లు దొరికే దమిబిల, మంచుబిందువులు పట్టే దినిజంగ్గమ, పెనుగాలుల గురుల్వ, ఉక్కపోతతో వానకు ముందుండే దలిర్‌గంగ్. వీటికి తేదీలు స్థిరంగా ఉండవు. ఫలానా చెట్టు పూసిందా, ఫలానా గాలి మొదలైందా అన్నదాన్నిబట్టి ఋతువు మారిందని చెబుతారు. తొలకరి జల్లు చూసి దుక్కికి దిగే తెలుగు రైతుకు ఈ పద్ధతి అర్థం కావడానికి కష్టం ఉండదు.

వానాకాలం ప్రమాదానికి కూడా వేళ. 1974 డిసెంబరు 24 అర్ధరాత్రి నుంచి మర్నాటి తెల్లవారుజాము వరకు ట్రేసీ తుపాను నగరం మీదుగా సాగి, ఇళ్లలో అత్యధిక భాగాన్ని కూల్చివేసింది. మృతుల సంఖ్య 66. విమానాశ్రయంలోని పరికరం గంటకు 217 కిలోమీటర్ల వేగాన్ని నమోదు చేసిన తరువాత పాడైంది. 30,000 మందికి పైగా ప్రజలను తరలించి, నగరాన్ని కఠినమైన నిర్మాణ నియమాలతో తిరిగి కట్టారు. నేడు డార్విన్ భవనాలు ఎక్కువ భాగం ఆ తరువాతివే కావడానికి ఇదే కారణం.

డార్విన్ వెళ్లాలనుకునే పాఠకులు ముందుగా ఏమి చూడాలో నిశ్చయించుకుని, ఆ తరువాతే నెలను ఎంచుకోవడం మంచిది. హెక్టర్ మేఘానికి, ఉరుములకు నవంబరు, డిసెంబరు. వరద తీసే నదులకు మార్చి, ఏప్రిల్. పుట్టలకు, కకడూ చిత్రాలకు మే నుంచి ఆగస్టు. పక్షుల గుంపులకు సెప్టెంబరు, అక్టోబరు అనువైనవి. చేపలను చేతితో తినిపించాలంటే ఆటుపోట్ల పట్టిక ముందుగా చూసుకోవాలి. ఏ నెలలో వెళ్లినా, మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న నీటి ఒడ్డుకు వెళ్లకూడదు, జెల్లీఫిష్ కాలంలో సముద్రంలో దిగకూడదు. ఈ రెండు నియమాలకు మినహాయింపు లేదు.